నా అనుభవం: ఇంట్లో ఏ గుమ్మానికి మెజూజా పెట్టాలి, ఏ గుమ్మానికి అక్కర్లేదు

ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న తెలుగువాళ్ళకి మెజూజా రోజూ కంటపడేదే. యూదుల ఇళ్ళలో గుమ్మం కుడిపక్కన, లేఖన వాక్యాలు రాసిన పత్రంతో అరజానెడు పెట్టె ఉంటుంది, ఇంట్లోవాళ్ళు వస్తూ పోతూ దాన్ని తాకి వేళ్ళు ముద్దుపెట్టుకుంటారు. వాళ్ళు ఇల్లు మారినప్పుడు మాత్రం కొలతలు తీసేది, నిచ్చెన పట్టుకునేది, స్క్రూలు అందించేది మనమే. నేను పనిచేసే ఇంటి సబాని (ఇక్కడ తాతగారిని అలాగే పిలుస్తాం) కొత్త అద్దె ఫ్లాటుకి మార్చినప్పుడు మొత్తం పని ఒక రావ్ (యూదు మతగురువు) దగ్గరుండి చేయించారు. ఆ వరుసలోనే అంతా రాస్తున్నాను. ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

మొదట మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది. లెక్క గదులది అనుకుంటాం గానీ నిజానికి గుమ్మాలది. ఒక గదికి మూడు గుమ్మాలుంటే మూడింటికీ మెజూజా కావాలి. వాటిలో ఒకదాన్నుంచే రోజూ తిరుగుతున్నా సరే, మిగతా రెండూ వదలడానికి లేదు. అందుకే ప్రతి గుమ్మం దగ్గరా ఆగి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ గదిలోకి వెళ్ళే దారి? అటు నడుస్తున్నప్పుడు మన కుడిచెయ్యి ఎటు వస్తుంది? బిగించడానికి గుమ్మానికి పది నిమిషాలు చాలు. ఈ రెండు ప్రశ్నలు తేల్చడానికే మాకు ఒక పూట పట్టింది.

పెట్టెలో ఉండేది చర్మపత్రం. తెలుగు బైబిలు చదివేవాళ్ళకి ఆ మాటలు తెలిసినవే: ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో 4 నుంచి 9 వచనాలు, 11వ అధ్యాయంలో 13 నుంచి 21 వచనాలు. ఇంటి ద్వారబంధాల మీద, గవునుల (పెద్ద ద్వారాల) మీద రాయమన్న ఆజ్ఞ కూడా అందులోనే ఉంది. మొత్తం 22 వరుసలు, 713 అక్షరాలు. సోఫేర్ అనే లేఖకుడు ఈక కలంతో, సిరాతో చేత్తో రాస్తాడు. కాగితం మీద అచ్చువేసింది చెల్లదు. షోకైన వెండి పెట్టెలో అచ్చు కాగితం పెట్టి అమ్మేవాళ్ళున్నారు కాబట్టి కొనేటప్పుడు పెట్టెను చూసి మోసపోకండి. అసలు విలువంతా లోపలి పత్రానిదే.

ఇక కొలతలు. గదికి మెజూజా తప్పనిసరి కావాలంటే ఉండాల్సిన షరతుల్ని మధ్యయుగపు యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ పది అని లెక్కపెట్టాడు. గది నాలుగు మూరలకి నాలుగు మూరలు ఉండాలి. గుమ్మానికి రెండు పక్కలా నిలువులు, పైన అడ్డం, గదికి కప్పు, గుమ్మానికి తలుపు ఉండాలి. గుమ్మం ఎత్తు పది బెత్తలకి తగ్గకూడదు. అది మామూలు వాడకానికి ఉన్నదై ఉండాలి, మనుషులు ఉండేదై ఉండాలి, గౌరవంగా ఉండదగ్గదై ఉండాలి, శాశ్వత నివాసమై ఉండాలి. ఇక్కడి మూర మన ఊళ్ళో చెప్పుకునే మూర కాదు. ఒక లెక్క ప్రకారం మూర 48 సెంటీమీటర్లు, బెత్త 8 సెంటీమీటర్లు. ఇంకో కఠినమైన లెక్క ప్రకారం మూర దాదాపు 57.6, బెత్త 9.6. అంటే నాలుగు మూరలు ఒక లెక్కలో 1.92 మీటర్లు, ఇంకో లెక్కలో సుమారు 2.30 మీటర్లు. గది రెండు వైపులా 2.30 దాటితే ఏ లెక్కకైనా సరిపోయినట్టే. 1.92కీ 2.30కీ మధ్య ఉంటే రావ్‌ని అడగాలి. పొడుగ్గా, సన్నగా ఉన్న గది వైశాల్యం పదహారు చదరపు మూరలైతే చాలని కొందరు, రెండు వైపులా నాలుగేసి మూరలు ఉండి తీరాలని కొందరు అంటారు. అలాంటి సందేహం ఉన్నచోట మెజూజా పెడతారు, దాని కోసం బ్రఖా (ఆశీర్వచనం) మాత్రం చదవరు. ఈ ఒక్క పద్ధతి తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి.

మా ఫ్లాటులో గుమ్మాలు లెక్కేస్తే 12 వచ్చాయి. మరుగుదొడ్డి, స్నానాల గది రెండూ ముందే కొట్టేశాం. గౌరవంగా నివసించే చోట్లు కావు కాబట్టి వాటికి మినహాయింపు. యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లో ఈ రెండింటితో పాటు తోళ్ళు ఊనే చోటు, స్నాన శుద్ధికి మునిగే మిక్వే కూడా ఈ జాబితాలోనే ఉన్నాయి. మిగిలినవి 10.

వీధి తలుపుకి సందేహమే లేదు: లోపలికి వస్తుంటే కుడిపక్క. వంటగదికి వచ్చేసరికి కథ మారింది. కొలిస్తే 2.40 కి 3.10 వచ్చింది, బాగానే ఉంది. కానీ దానికి రెండు దారులు. వీధి తలుపు దగ్గర తలుపు లేని ఖాళీ గుమ్మం ఒకటి, హాల్లోంచి తలుపున్న గుమ్మం ఒకటి. ఇంట్లోంచి వంటగదిలోకి ఇటూ పోవచ్చు, అటూ పోవచ్చు. అలాంటప్పుడు హాలుకీ వంటగదికీ మధ్య గుమ్మంలో ఏది లోపల, ఏది బయట? దీనికి బందుల గుర్తు చూస్తారు. తలుపు ఏ గదిలోకి తెరుచుకుంటుందో ఆ గది లోపల అన్నమాట. ఇక్కడ తలుపు వంటగదిలోకి తెరుచుకుంది కాబట్టి వంటగదిలోకి వెళ్తుంటే కుడిపక్క. ఈ బందుల సూత్రం విన్నవాళ్ళు చాలామంది ప్రతి తలుపుకీ వాడేస్తారు, తప్పు జరిగేది అక్కడే. ఏది లోపలో మామూలుగా తెలియనప్పుడే దాని పని. ఒకే దారి ఉన్న గదికి తలుపు ఎటు తెరుచుకున్నా లెక్క లేదు, గదిలోకి వెళ్ళేటప్పటి కుడిపక్కే.

మామద్ (ఇంట్లోని రక్షణ గది) విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత, 1992 నుంచి ఇక్కడ కొత్తగా కట్టే ఇళ్ళలో కాంక్రీటు గోడల రక్షణ గది తప్పనిసరి. దాని ఉక్కు తలుపు బయటికి తెరుచుకుంటుంది. తలుపు నడవాలోకి వస్తోంది కదా అని మెజూజాని అవతలి పక్కకి మార్చేస్తుంటారు. మామద్‌కి దారి ఒక్కటే కాబట్టి లోపలికి వెళ్తుంటే కుడిపక్కే. ఇంకో జాగ్రత్త: ఆ ఉక్కు ద్వారబంధానికి డ్రిల్లు పెట్టొద్దు. గాలి, విషవాయువు చొరబడకుండా మూసుకోవడానికే ఆ చట్రం, దానికి కన్నం పడితే గది కట్టిన ప్రయోజనం పోతుంది. మేం స్పిరిట్‌తో తుడిచి, రెండువైపులా అంటుకునే గట్టి టేపుని పెట్టె పొడవునా వేసి అంటించాం. తలుపు మూసినప్పుడు పెట్టెకి తగలకుండా ముందే ఒకసారి మెల్లగా మూసి చూసుకోవాలి.

సబా పడకగదికి తలుపు లేదు. చక్రాల కుర్చీ తిరగడానికి తలుపు ఊడదీసి గుమ్మం వెడల్పు చేయించారు. వృద్ధులున్న ఇళ్ళలో ఇది మామూలే గనుక కాస్త వివరంగా చెప్తాను. మైమోనిడీస్ లెక్కలో తలుపు ఒక షరతు. మిగతా పండితులు తలుపు లేకపోయినా మెజూజా కావాలంటారు. కాబట్టి పెట్టాలి, కానీ ఆ గుమ్మం పేరు మీద బ్రఖా ఉండదు. రెండోది, వెడల్పు చేసే పని పూర్తిగా అయ్యాకే పెట్టాలి. మెజూజా ముందే బిగించిన ద్వారబంధాన్ని తెచ్చి గోడలో నిలబెడితే చెల్లదు, గుమ్మం గుమ్మంగా నిలిచిన తర్వాతే దాన్ని బిగించాలి. మూడోది సంరక్షకులే గుర్తుపెట్టుకోవాల్సింది. గదిలో కమోడ్ కుర్చీ వాడతాం, డయపర్లు మారుస్తాం. అలాంటి చోట పత్రం బయటికి కనపడకూడదు. లోపలిది కనిపించే ప్లాస్టిక్ పెట్టె వద్దని, ఏమీ కనపడని పెట్టెలో పెట్టి, పెట్టె కూడా గది బయటి వైపుకే ఉండేలా బిగించమని రావ్ చెప్పారు.

హాల్లోంచి పడకగదుల వైపు పోయే నడవా 1.10 మీటర్ల వెడల్పే. నాలుగు మూరలు లేదు కదా అని వదిలేయబోయాం. దానిలోంచి గదుల్లోకి దారి ఉంది కాబట్టి అది వాకిలి లాంటిది, దానికీ పెట్టాలన్నారు. తలుపు లేని గుమ్మమే. కానీ కుడివైపు నిలువు, పైన అడ్డం స్పష్టంగా ఉన్నాయి. ఎడమవైపు గోడ గుమ్మంతో కలిసిపోయి నేరుగా సాగింది. నిలువు ఒక్క పక్కే ఉన్నప్పుడు అది కుడిదైతే బ్రఖా లేకుండా పెడతారు, ఎడమదైతే అసలు అక్కర్లేదు. మాది కుడిదే. కమాను గుమ్మాలకి కూడా ఒక కొలత ఉంది. వంపు మొదలయ్యే ముందు నిలువు భాగం పది బెత్తలు, అంటే కనీసం 80 సెంటీమీటర్లు ఉంటే మెజూజా కావాలి.

వంటగది వెనక బట్టలుతికే చిన్న బాల్కనీ 1.20 కి 2 మీటర్లు. పడకగదిలో బట్టల చిన్నగది 1.50 కి 1.60. రెండూ 2.40 చదరపు మీటర్లే. చిన్న లెక్కలో కూడా పదహారు చదరపు మూరలంటే 3.69 చదరపు మీటర్లు కావాలి. కాబట్టి ఆ గదుల పేరు మీద మెజూజా లేదు. అయితే ఒక అభిప్రాయం ఉంది: ఆ చిన్నగది లోంచి పెద్ద గదిలోకి వచ్చే దారిగా చూస్తే పెద్ద గదికి అదొక గుమ్మం. అప్పుడు కుడిపక్క తిరగబడుతుంది. బట్టల గదిలోంచి పడకగదిలోకి వస్తుంటే కుడిపక్క అవుతుంది. ఆ లెక్క ప్రకారం రెండింటికీ బ్రఖా లేకుండా పెట్టించారు. మొదటిసారి చూసినవాళ్ళు ఎడమకి పెట్టారేంటి అని అడుగుతారు, తప్పు కాదు. హాలు బాల్కనీ దగ్గర అభిప్రాయభేదం ఇంకా ఎక్కువ. బాల్కనీకి కప్పు ఉందా, నాలుగు మూరలుందా, వేరే దారి ఉందా అన్నవి చూసి బయటికి వెళ్ళేటప్పటి కుడి అని కొందరు, లోపలికి వచ్చేటప్పటి కుడి అని కొందరు తీర్పు ఇస్తారు. పక్కింట్లో ఉన్నది చూసి మనం పెట్టకూడదు. ఆ ఇంటి బాల్కనీ వేరు, వాళ్ళ రావ్ వేరు. జరిగే తలుపుకి ఇంకో ఇబ్బంది, అద్దం తలుపు, షట్టరు రెండూ ద్వారబంధానికి ఆనుకుని జరుగుతాయి. లావు పెట్టె పెడితే పగులుతుంది. పలచటి, బల్లపరుపు పెట్టె తెప్పించుకోవాలి.

ఎక్కడ అన్నది తేలాక, ఎంత ఎత్తులో అన్నది. గుమ్మం అడుగు నుంచి పై అడ్డం దాకా కొలిచి మూడు భాగాలు చేయాలి. పై మూడోవంతు ఎక్కడ మొదలవుతుందో అక్కడ పెట్టె అడుగు రావాలి. మా వీధి తలుపు 210, గుర్తు 140 దగ్గర పడింది. లోపలి తలుపులు 205, అంటే 137. మామద్ 190, దానికి 127. అన్నింటికీ ఒకే ఎత్తు గీసేస్తే అందంగా కనిపిస్తుంది గానీ మామద్ దగ్గర లెక్క తప్పుతుంది, కాబట్టి విడివిడిగా కొలవాలి. సబా కుర్చీలోంచి చెయ్యి చాస్తే 137 అందదు. కిందికి దించుదామా అని ఇంట్లోవాళ్ళు ఎంతో ఆశగా అడిగారు. తాకి ముద్దుపెట్టుకోవడం ఆచారం మాత్రమే, ఎత్తు మాత్రం ధర్మం, దాన్ని దించకూడదన్నారు రావ్. ఇప్పుడు కుర్చీ తోసేవాళ్ళు తాకితే సబా చూసి తల ఊపుతారు.

లోతు కూడా చూడాలి. గుమ్మం మందంలో బయటి వైపు మొదటి బెత్తలో, అంటే 8 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాల యూదు) కుటుంబాలు పెట్టెని కాస్త వాలుగా, పై కొస గది లోపలికి ఉండేలా పెడతారు. నిలువుగా ఉండాలని మధ్యయుగపు పండితుడు రాషీ, అడ్డంగా ఉండాలని ఆయన మనవడు రబ్బేను తామ్ అన్నారు. ఈ ఏటవాలు ఆ ఇద్దరి మాటనీ కలిపి పట్టుకున్నది. సెఫార్దీలు (స్పెయిన్ మూలాల యూదులు) నిలువుగానే పెడతారు. ద్వారబంధం మరీ సన్నగా ఉండి వాలు కుదరకపోతే అష్కెనాజీ ఇంట్లోనూ నిలువుగా పెట్టొచ్చు.

పత్రాలు కొనే ముందు పాతవి ఒకసారి తనిఖీకి ఇచ్చాం. తనిఖీ చేసే ఆయన భూతద్దం, దీపం పెట్టుకుని పత్రాన్ని రెండు చేతులతో మెల్లగా విప్పారు. మొదటి వచనంలో చివరి మాట ‘ఎహాద్’, ఒక్కడే అని అర్థం. దాని చివరి అక్షరం దాలెత్. దాలెత్‌కి కుడి మూల పదునుగా ఉండాలి. ఆ మూల గుండ్రంగా అరిగితే అది రేష్ అనే వేరే అక్షరం అవుతుంది, మాట ‘అహేర్’ అవుతుంది, అంటే వేరొకడు. గోరంత సిరా మూలలో అంత తేడా. మా పాత వీధి గుమ్మం పత్రంలో ఎండకి సిరా పెచ్చులు లేచి, యోద్ అనే చిన్న అక్షరం ఒకటి రెండుగా చీలింది. అది పనికిరాదు. మెజూజాలో అక్షరాలు మొదటి నుంచి చివరి దాకా వరుసలోనే రాయాలి గనుక, ముందు తప్పిపోయిన అక్షరాన్ని తర్వాత చొప్పించడానికి లేదు. పత్రమే మార్చుకోవాలి.

చుట్టేటప్పుడు రాత లోపలికి ఉండాలి. ఎడమ అంచు నుంచి కుడికి చుట్టాలి, అప్పుడు విప్పినవాళ్ళకి ‘షెమా’ అన్న మొదటి మాట ముందు కనపడుతుంది. మడత పెట్టకూడదు. వెనక ఉండే ‘షద్దాయ్’ అన్న దేవుని పేరు బయటికి, తలకిందులు కాకుండా ఉండాలి. 10 సెంటీమీటర్ల పత్రానికి 12 సెంటీమీటర్ల పెట్టె తీసుకోవాలి. పెట్టె పొట్టిగా ఉంటే పత్రం అంచులు నలిగి మొదటి, చివరి వరుసలే ముందు పాడవుతాయి. వీధి గుమ్మానికి వాడే పెట్టె పైఅంచుకి సిలికాన్ రాస్తే వాననీళ్ళు దిగవు.

బిగించే ముందురోజే పెన్సిల్ గుర్తులు పెట్టి, చెక్క ద్వారబంధాలకి 2.5 మిల్లీమీటర్ల కన్నాలు వేసి, స్క్రూలు ఒక పళ్ళెంలో గుమ్మం గుమ్మానికీ విడివిడిగా పెట్టుకున్నాం. దీనికి కారణం ఉంది. బ్రఖా ఒక్కసారే, వీధి గుమ్మం దగ్గర, బిగించడానికి ముందు చదువుతారు. ‘లిక్బోఅ మెజూజా’ అని ముగుస్తుంది, మెజూజా బిగించమని ఆజ్ఞాపించినవాడని. అక్కణ్ణుంచి చివరి గుమ్మం దాకా వేరే మాటలు మాట్లాడకూడదు. స్క్రూ ఎక్కడ, డ్రిల్లు ఎక్కడ అని వెతుక్కుంటే మాట వచ్చేస్తుంది. వరుస కూడా ముఖ్యం. ఏ సందేహమూ లేని వీధి గుమ్మం ముందు, తర్వాత తలుపున్న పెద్ద గదులు, ఆ తర్వాత సందేహం ఉన్నవి. మొదటి గుమ్మం దగ్గర చదివిన బ్రఖాతోనే ఇవన్నీ నడిచిపోతాయి.

బిగించాల్సింది యూదులే. మనం కన్నం వేయొచ్చు, పెట్టె పట్టుకుని ఆనించొచ్చు, నిచ్చెన పట్టుకోవచ్చు. స్క్రూ తిప్పి నిలబెట్టే పని ఇంటివాళ్ళకే వదలాలి. సాయం చేద్దామని మనం బిగించేస్తే అది తీసి మళ్ళీ వాళ్ళే బిగించుకోవాల్సి వస్తుంది. సబా చేతులు వణుకుతాయి కాబట్టి వాళ్ళ అమ్మాయి బిగించింది. పైనా కిందా రెండు చోట్లా బిగించాలి. పైన ఒక్క మేకు కొట్టి వేలాడదీస్తే చెల్లదు. మేకు పెట్టె మధ్యలోంచి కొట్టినా ప్రమాదమే, పత్రం చిల్లు పడుతుంది. సబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) రోజు, పండుగ రోజు బిగించరు, ఊడిపడినా ఆ రోజు మళ్ళీ పెట్టరు.

ఫ్లాటు బయట కూడా ఉంది పని. భవనం ప్రధాన ద్వారం అందరిదీ, దానికీ కావాలి. గవునులంటే ఇవే, యెరూషలేము పాత నగరపు యాఫో ద్వారానికి కూడా మెజూజా ఉంది. నేలమాళిగలో సబా సామాను గది 2 కి 1.80, అంటే 3.60 చదరపు మీటర్లు. కాస్తలో తప్పింది. సామాన్లుండే గదుల గురించి మైమోనిడీస్ వద్దంటాడు, షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథం కావాలంటుంది, కొలత సరిపోతే పెట్టడమే ఆచారం. సబాని తీసుకెళ్ళే సినగాగ్‌కి (ప్రార్థనా మందిరానికి), అందులో ఎవరూ కాపురం ఉండకపోతే మినహాయింపు. పక్కనే ఉండే చదువుల గదికి బ్రఖా లేకుండా పెడతారు. పండుగ నాటి సుక్కా పందిరికి అక్కర్లేదు. దుకాణాల్లో రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి అక్కడ కూడా బ్రఖా లేకుండా పెట్టే వాడుక ఉంది.

అద్దె ఇంటి లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. ఇజ్రాయెల్‌లో అద్దెకి దిగిన రోజు నుంచే పెట్టాలి. బయటి దేశాల్లో 30 రోజుల గడువుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్న మన తెలుగు బెనే ఎఫ్రాయిం (యూదు మతం పాటించే) కుటుంబాల్లాంటి వాళ్ళు అద్దెకి మారితే వర్తించేది ఈ 30 రోజులే. ఖాళీ చేసేటప్పుడు, తర్వాత వచ్చేవాళ్ళు యూదులైతే మెజూజాలు పీక్కుపోకూడదు. అందుకే సబా పాత ఇంట్లో తనిఖీలో నెగ్గినవి అక్కడే ఉంచి, నెగ్గని వాటి చోట మంచివి పెట్టి వచ్చాం.

తర్వాత తనిఖీ ఏడేళ్ళలో రెండుసార్లు. సొంత ఇళ్ళకి ఇది, అందరూ వాడే ద్వారాలకి యాభై ఏళ్ళలో రెండుసార్లు. రంగులేసేటప్పుడు పెట్టె మీద రంగు పూసేయకుండా ముందే ఇంటివాళ్ళ చేత తీయించాలి. ఏ పత్రం ఏ గుమ్మానిదో వెనక కవరు మీద రాసుకోవాలి. మా పది గుమ్మాల పేర్లు, ఎత్తులు, పెట్టిన తేదీ వంటగది అల్మరా తలుపు లోపల అంటించాను, సబా దగ్గరికి తర్వాత వచ్చే సంరక్షకులకి దొరికేలా. చెడిపోయిన పాత పత్రాలు చెత్తలో వేయకూడదు. సినగాగ్ వాకిట్లో గెనీజా అని ఒక పెట్టె ఉంటుంది, పూడ్చిపెట్టే దాకా వాటిని అందులో ఉంచుతారు. చీలిన యోద్ ఉన్న పత్రాన్ని చుట్టి అందులో వేసి వచ్చాం.